చోక్ ఎంత తెరవాలి? ఇసుక స్క్రీన్లున్న సముద్ర బావుల్లో సురక్షిత రేటు లెక్క

సముద్రంలో ఒక గ్యాస్ బావి కొత్తగా లైన్లోకి వచ్చిందనుకుందాం. ఇసుక లోపలికి రాకుండా స్క్రీన్ (జల్లెడలాంటి గొట్టం) దించారు, దాని చుట్టూ గ్రావెల్ (ముతక ఇసుక) నింపారు, పరీక్షలన్నీ అయిపోయాయి. ఇక తేలాల్సింది, బావి రేటును అదుపు చేసే కవాటమైన చోక్ ఎంత తెరవాలన్నదే. మరీ ఎక్కువ తెరిస్తే స్క్రీన్ కోసుకుపోయి బావికే ఎసరు రావచ్చు. భయపడి తక్కువ తెరిస్తే పెట్టిన డబ్బు వెనక్కి రాదు. లోతు సముద్రంలో ఒక్కో బావి ఖర్చు పది కోట్ల డాలర్లు దాటడం మామూలే కాబట్టి, అతి జాగ్రత్త కూడా ఖరీదైన వ్యవహారమే.

చాలా చోట్ల దీనికి ఒక అంకెతో జవాబు చెప్పేస్తారు. 'ఈ బావికి డ్రాడౌన్ 600 పీఎస్ఐ దాటొద్దు' అనో, 'రోజుకు ఇన్ని లక్షల ఘనపు మీటర్లు మించొద్దు' అనో డిజైన్ ఫైల్లో రాస్తారు. డ్రాడౌన్ అంటే రిజర్వాయర్ (గ్యాస్ నిండిన రాతిపొర) ప్రెషర్‌కూ బావి అడుగున ప్రెషర్‌కూ ఉన్న తేడా, పీఎస్ఐ ప్రెషర్ కొలమానం. అది కంట్రోల్ రూమ్‌కు చేరి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. ఈలోగా రిజర్వాయర్ ప్రెషర్ పడిపోతుంది, నీళ్లు వస్తాయి, గ్రావెల్లో సన్నమట్టి పేరుకుంటుంది. బావి మారిపోయినా అంకె మారదు. ఇసుక సమస్యల్లో చాలావాటికి ఈ మారని అంకె దగ్గరే బీజం పడుతుంది.

తెలుగువాళ్లకు ఇదేదో దూరదేశపు ముచ్చట కాదు. కృష్ణా గోదావరి నదులు సముద్రంలోకి మోసుకుపోయి పోసిన ఇసుక పొరలే కేజీ బేసిన్‌లోని గ్యాస్ నిల్వలకు ఇల్లు. లోతు నీటి భాగంలో ఈ పొరల్లో చాలావరకు భూగర్భ కాలమానం ప్రకారం నిన్నమొన్నటివి. రేణువుల మధ్య సిమెంట్‌లా పట్టి ఉంచే పదార్థం సరిగా ఏర్పడలేదు. కాకినాడ తీరానికి ఎదురుగా ఉన్న కేజీ-డీ6 బ్లాకులో డీ1, డీ3 క్షేత్రాల నుంచి 2009 ఏప్రిల్‌లో గ్యాస్ మొదలైంది. 2010లో బ్లాకు ఉత్పత్తి రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. ఆ తర్వాత చాలా వేగంగా పడిపోయింది. నీళ్లు, ఇసుక రావడంతో పలు బావులు మూతపడ్డాయి. చివరికి 2020 ఫిబ్రవరిలో ఆ క్షేత్రాల ఉత్పత్తి పూర్తిగా ఆగింది. తవ్విన బావుల సంఖ్య, భూగర్భ అంచనాల మీద ప్రభుత్వానికీ ఆపరేటర్‌కూ మధ్య నడిచిన వివాదం పెద్ద కథ, దాని జోలికి ఇక్కడ పోనక్కర్లేదు. ఆ సముద్రంలో పని మాత్రం ఆగలేదు. అదే బ్లాకులో 2,000 మీటర్లకు మించిన నీటి లోతున ఉన్న ఆర్-క్లస్టర్ 2020 డిసెంబర్‌లో, శాటిలైట్ క్లస్టర్ 2021లో, ఎంజే క్షేత్రం 2023లో ఉత్పత్తి మొదలుపెట్టాయి. పక్కనే ఓఎన్‌జీసీ 98/2 బ్లాకు నుంచి 2024 జనవరిలో తొలి చమురు వచ్చింది. అంటే చోక్ ఎంత తెరవాలన్న లెక్క ఇవాళ కూడా అక్కడ ఎవరో ఒకరు వేస్తూనే ఉంటారు.

ముందుగా లోపల ఏముంటుందో చూద్దాం. మామూలు గ్రావెల్ ప్యాక్‌లో బావి గోడగా ఉండే ఉక్కు గొట్టానికి, అంటే కేసింగ్‌కు రంధ్రాలు కొడతారు, లోపల స్క్రీన్ నిలబెడతారు, స్క్రీన్‌కూ కేసింగ్‌కూ మధ్య ఖాళీలోనూ, రంధ్రాల సొరంగాల్లోనూ సైజు చూసి ఎంచిన గ్రావెల్ నింపుతారు. రిజర్వాయర్ ఇసుక సగటు రేణువు కంటే గ్రావెల్ సుమారు 6 రెట్లు పెద్దదిగా ఉండాలన్నది 1970ల నుంచి వాడుకలో ఉన్న సాసియర్ నియమం. రేణువు 100 మైక్రాన్లయితే 600 మైక్రాన్ల గ్రావెల్ కావాలి, అంటే ఫీల్డ్‌లో 20/40 అని పిలిచే రకం. ఇసుకను గ్రావెల్ ఆపుతుంది, గ్రావెల్‌ను స్క్రీన్ ఆపుతుంది. ఫ్రాక్ ప్యాక్ అయితే ఇంకాస్త ముందుకెళ్లి, పొరను పగలగొట్టి ఆ పగుల్లో కూడా గ్రావెల్ దట్టిస్తారు. కొన్ని బావుల్లో గ్రావెల్ లేకుండా ఉత్త స్క్రీనే ఉంటుంది. అది చవక, కానీ అక్కడ లెక్క తప్పితే కాపాడటానికి రెండో గోడ ఉండదు.

ఈ ఏర్పాటు ప్రధానంగా రెండు రకాలుగా చెడుతుంది. మొదటిది కోత. గ్యాస్‌తో పాటు వచ్చే సన్నరేణువులు స్క్రీన్ తీగను ఒకే చోట కొడుతూ పోతే అక్కడ బెజ్జం పడుతుంది. రెండోది ప్యాక్ కదిలిపోవడం. రంధ్రంలోంచి వచ్చే ధార బలంగా ఉంటే స్క్రీన్ ముందున్న గ్రావెల్‌ను అది తోసేస్తుంది, అప్పుడు స్క్రీన్ ఒంటరిగా ధారకు ఎదురు నిలవాల్సి వస్తుంది. రెండింటికీ అసలు కారణం ఆ చోటులో ఉన్న వేగమే. పైన ట్యూబింగ్‌లో (గ్యాస్ పైకి వచ్చే గొట్టం) కొలిచే రేటు దాని గురించి నేరుగా ఏమీ చెప్పదు. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో పెద్ద రేట్లతో నడిచిన బావుల అనుభవాన్ని 2000 దశకం మొదట్లో ఇంజనీర్లు కూర్చి చూసినప్పుడు రెండు హద్దులు ముందుకొచ్చాయి. కేసింగ్ రంధ్రం దగ్గర వేగం సెకనుకు 10 అడుగులు, అంటే సుమారు 3 మీటర్లు దాటకూడదు. స్క్రీన్ ఉపరితలం దగ్గర సెకనుకు 1 అడుగు దాటకూడదు. ఇవి ప్రకృతి నియమాలేమీ కావు, అనుభవంతో గీసిన గీతలు. అయినా డ్రాడౌన్ అంకె కంటే ఇవి చాలా మెరుగు, ఎందుకంటే చెడిపోయే చోటునే కొలుస్తున్నాయి.

ఒక లెక్క వేసి చూస్తే సంగతి బోధపడుతుంది. అంకెలు ఊహించినవే గానీ వాస్తవానికి దూరంగా లేవు. 20 మీటర్ల పొర, అడుగుకు 12 రంధ్రాల చొప్పున మొత్తం 787 రంధ్రాలు. ఒక్కోటి 20 మిల్లీమీటర్ల వ్యాసం. అన్నీ కలిపి దారి వైశాల్యం సుమారు పావు చదరపు మీటరు. బావి రోజుకు 15 లక్షల ఘనపు మీటర్ల గ్యాస్ ఇస్తోంది, అది పైన కొలిచిన ఘనపరిమాణం. అడుగున ఉన్న ప్రెషర్‌లో అదే గ్యాస్ 220వ వంతుకు నొక్కుకుపోయి ఉందనుకుంటే, రంధ్రాల గుండా నిజంగా పోయేది సెకనుకు 0.08 ఘనపు మీటర్లు. భాగిస్తే రంధ్రం దగ్గర వేగం సెకనుకు 0.32 మీటర్లు. హద్దు 3 మీటర్లు కదా, ఇంకేం, టెన్షన్ లేదు, చోక్ ఇంకా తెరవచ్చు అనిపిస్తుంది.

కానీ 787 రంధ్రాలూ పనిచేస్తున్నాయని ఎవరు చెప్పారు? కొన్ని, రంధ్రాలు కొట్టే గన్ పేలినప్పుడే మట్టితో మూసుకుపోతాయి. కొన్నింట్లోకి గ్రావెల్ చేరదు, వాటిలో రిజర్వాయర్ ఇసుకే నిండిపోతుంది. పొరలో బిగుతైన భాగం ఎదురుగా ఉన్న రంధ్రాలు ఉన్నా లేనట్టే. గ్యాస్ అంతా పదిలో ఒక వంతు రంధ్రాల గుండా వస్తుంటే అదే రేటు దగ్గర వేగం 3.2 మీటర్లు. హద్దు దాటేసింది. కొళాయి గొట్టం మూతిని బొటనవేలితో నొక్కితే నీళ్లు ఎంత దూరం చిమ్ముతాయో తెలిసిందే, ఇక్కడ జరిగేదీ అదే. రేటు మీటర్ మాత్రం ఏ తేడా లేకుండా 15 లక్షలే చూపిస్తుంది. ఈ రంగంలో ఇలాంటి చోటును హాట్ స్పాట్ అంటారు. స్క్రీన్ ఎక్కడ తెగిందో తర్వాత బయటికి తీసి చూసినప్పుడు, మిగతా పొడుగంతా కొత్తదానిలా ఉండి రెండు మూడు చోట్ల మాత్రమే కన్నాలు కనపడటానికి కారణం ఇదే.

మరి ఎన్ని రంధ్రాలు పనిచేస్తున్నాయో పైనుంచి ఎలా తెలుస్తుంది? ఇక్కడే స్కిన్ అనే లెక్క పనికొస్తుంది. బావిని కొన్ని గంటలు మూసి, అడుగున గేజ్‌లో ప్రెషర్ ఎలా పెరుగుతోందో చూస్తారు. దీన్ని బిల్డప్ టెస్ట్ అంటారు. ఆ గీతను విశ్లేషిస్తే మొత్తం డ్రాడౌన్‌లో ఎంత రిజర్వాయర్‌లో ఖర్చయిందో, ఎంత కంప్లీషన్ (రంధ్రాలు, గ్రావెల్, స్క్రీన్ కలిసిన ఏర్పాటు) దాటడానికి ఖర్చయిందో విడదీయవచ్చు. ఈ రెండో భాగమే అసలు విషయం, దాన్ని అంకెలో చెప్పేదే స్కిన్. ఒక బావిలో 600 పీఎస్ఐ డ్రాడౌన్‌లో 500 రిజర్వాయర్‌లో పోయి 100 మాత్రమే కంప్లీషన్ దగ్గర పోతోందనుకుందాం. పక్క బావిలో అదే 600లో 200 రిజర్వాయర్‌లో, 400 కంప్లీషన్ దగ్గర పోతోంది. 'డ్రాడౌన్ 600 దాటొద్దు' అన్న నియమానికి రెండూ ఒకటే. నిజానికి మొదటి బావిని ఇంకా తెరవచ్చు, రెండోదాన్ని ఆ రోజే కాస్త మూయాలి. డ్రాడౌన్ హద్దు ఒక్కదాన్నే పట్టుకుని నడిపే క్షేత్రాల్లో బలమైన బావులు చేతులు కట్టుకుని ఉంటే, బలహీనమైనవి చచ్చేదాకా పనిచేస్తుంటాయి.

స్కిన్ విలువ ఎంతన్నది ఒకసారి చూసి వదిలేస్తే చాలదు, దాని నడక చూడాలి. ఫ్రాక్ ప్యాక్ బావిలో స్కిన్ 2 నుంచి 8కి ఎగబాకిందంటే ఎక్కడో దారులు మూసుకుపోతున్నాయి. రేటు తగ్గకుండా ఉంచడానికి ఈలోగా ఎవరో చోక్ ఇంకాస్త తెరిచి ఉంటారు. దాంతో మిగిలిన దారుల్లో వేగం ఇంకా పెరుగుతుంది. ఆపరేషన్స్ వాళ్ల రిపోర్టులో మాత్రం 'రేటు స్థిరం, సమస్య లేదు' అని ఉంటుంది. గ్యాస్ బావుల్లో ఇంకో సూచిక కూడా ఉంది: వేర్వేరు రేట్ల దగ్గర పరీక్ష చేస్తే స్కిన్ కూడా రేటుతో పాటు పెరుగుతూ పోవడం. గ్యాస్ ఇరుకు దారుల్లో సుడులు తిరుగుతూ పోతోందని దానర్థం. మామూలు స్కిన్ కంటే ఇది ముందే హెచ్చరిస్తుంది. దీన్ని పట్టుకోవాలంటే ఒకే రేటు దగ్గర కాకుండా రెండు మూడు రేట్ల దగ్గర పరీక్ష చేయాలి. అందుకు ఉత్పత్తి కొంత పోతుంది కాబట్టి చాలామంది వాయిదా వేస్తుంటారు. సముద్రగర్భ బావుల్లో అడుగున శాశ్వత గేజ్ ఉంటే ప్లాట్‌ఫామ్ ఏ కారణంతో ట్రిప్ అయి బావి మూతపడినా ఒక బిల్డప్ డేటా ఉచితంగా దొరుకుతుంది. ఆ డేటాను ఎవరూ తెరిచి చూడకుండా సర్వర్లో పడేసే అలవాటు మాత్రం క్షమించరానిది.

ఇక ప్రెషర్ పడిపోవడం గురించి. పైన వేసిన లెక్కలో గ్యాస్ 220వ వంతుకు నొక్కుకుపోయి ఉంది. కొన్నేళ్లకు రిజర్వాయర్ ప్రెషర్ తగ్గి అది 100వ వంతుకు వచ్చిందనుకుందాం. పైన అదే 15 లక్షల ఘనపు మీటర్లు వస్తున్నా, అడుగున రంధ్రాల గుండా పోయే ఘనపరిమాణం రెట్టింపు దాటింది, వేగం కూడా అంతే పెరిగింది. కోత వేగంతో పాటు సమానంగా పెరగదు. ఉక్కు మీద ఇసుక కోతకు పైప్‌లైన్ డిజైన్‌లో వాడే డీఎన్‌వీ మార్గదర్శకంలో వేగానికి 2.6 ఘాతం ఉంటుంది. అంటే వేగం రెట్టింపైతే కోత 6 రెట్లు. పదేళ్ల కిందట సురక్షితమని రాసిపెట్టిన అదే రేటు, ఒక్క చోక్ మలుపు కూడా తిప్పకుండానే ప్రమాదకరంగా మారిపోతుంది.

ట్యూబింగ్, పైపుల విషయంలో చాలా కంపెనీలు అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారి ఏపీఐ 14ఈ సూత్రం వాడతాయి: 100ని ప్రవాహ సాంద్రత (ఘనపు అడుగుకు పౌండ్లలో) వర్గమూలంతో భాగిస్తే హద్దు వేగం సెకనుకు అడుగుల్లో వస్తుంది. ఇది ప్లాట్‌ఫామ్ పైపుల కోసం పుట్టిన సూత్రం. ఇందులో ఇసుక ఎంత, రేణువు ఎంత, వంపు ఎలా ఉంది అన్న ప్రస్తావనే లేదు. ఇసుక లేని ప్రవాహానికి 100 కాస్త భయస్తుల అంకె అని, ఇసుక ఉన్నచోట అదే 100 నమ్మదగ్గది కాదని అందరికీ తెలుసు. అయినా దాన్నే పట్టుకు వేలాడతారు, ఎందుకంటే ఆడిట్ వాళ్లు అడిగితే చూపించడానికి ఒక ప్రమాణం పేరు ఉంటుంది. స్క్రీన్ సంగతి అసలు ఈ సూత్రం పరిధిలోకే రాదు.

నీళ్లు రావడం ఇంకో మలుపు. పొడిగా గ్యాస్ ఇస్తున్న పొరలో రేణువుల మధ్య ఉన్న కొద్దిపాటి నీటి తడి వాటిని ఒకదానికొకటి అంటిపెట్టి ఉంచుతుంది. సిమెంట్ లేని ఇసుకకు ఆ కేశనాళిక బలమే పెద్ద ఆసరా. కింది నుంచి నీళ్లు ఎక్కి పొర పూర్తిగా తడిస్తే ఆ పట్టు పోతుంది. దానికి తోడు బంకమట్టి రేణువులు కదిలి గ్రావెల్ సందుల్లో ఇరుక్కుంటాయి. నీళ్లు రాకముందు ఇదే రేటు దగ్గర గ్రాము ఇసుక రాని బావి, నీళ్లు వచ్చిన కొన్ని వారాలకే ఇసుక కక్కడం అందుకే. కాబట్టి నీటి శాతం పెరగడం మొదలైన రోజునే పాత హద్దును చెల్లనట్టుగా భావించి, కొత్తగా పరీక్ష చేసేదాకా రేటు తగ్గించి నడపడం మంచిది. సేల్స్ కాంట్రాక్టు లక్ష్యం ముందుంటే ఈ మాట వినేవాళ్లు తక్కువ.

ఇంతవరకు నిలకడగా నడిచే బావి గురించే మాట్లాడుకున్నాం. దెబ్బ ఎక్కువగా తగిలేది మాత్రం తెరిచేటప్పుడు, మూసేటప్పుడు. చోక్ ఒక్కసారిగా తెరిస్తే మొదటి నిమిషాల్లో ప్రెషర్ తేడా అంతా బావి చుట్టూ ఉన్న కొద్ది దూరంలోనే కేంద్రీకృతమవుతుంది. రిజర్వాయర్ లోపలికి పాకడానికి దానికి ఇంకా సమయం దొరకలేదు. చివరికి స్థిరపడే డ్రాడౌన్ హద్దులోనే ఉన్నా, ఆ తొలి క్షణాల్లో ఇసుక మీద పడే లాగుడు దానికంటే చాలా ఎక్కువ. పైగా అప్పటిదాకా నిశ్చలంగా ఉన్న సన్నరేణువులన్నీ ఒకేసారి లేచి గ్రావెల్ మీద పడతాయి. అందుకే బీన్‌-అప్ (చోక్ తెరుస్తూ పోవడం) మెల్లగా, మెట్లు మెట్లుగా చేయాలంటారు: కొంచెం తెరిచి, ప్రెషర్, ఇసుక సంకేతం రెండూ స్థిరపడేదాకా ఆగి, తర్వాతి మెట్టు. కొత్త బావికి తొలిసారి ఇది రోజుల తరబడి సాగడం సబబే. ఆ మొదటిసారి ఓపిక పట్టిన ఫీల్డ్ వాళ్లే, ఏడాది తర్వాత ట్రిప్ అయినప్పుడు గంటలో మళ్లీ పూర్తి రేటుకు తెచ్చేస్తారు. బావికి మొదటి తెరుపుకూ పదిహేనో తెరుపుకూ తేడా తెలియదు. ఉత్పత్తి లెక్కల్లో పోయిన గంటలు కనిపిస్తాయి, ప్యాక్ మీద పడిన దెబ్బ కనిపించదు. మూసినప్పుడు కూడా వేర్వేరు ప్రెషర్లున్న పొరల మధ్య బావి లోపలే అడ్డంగా ప్రవాహం నడిచి ఇసుకను కదిలించవచ్చు. ఏడాదికి ఎన్నిసార్లు బావి మూసి తెరిచారన్నది హద్దు లెక్కలోకి రావాల్సిన అంకె, కానీ చాలా స్ప్రెడ్‌షీట్లలో దానికి గడే ఉండదు.

ఇసుక వస్తోందో లేదో చెప్పే సాధనాలున్నాయి గానీ వాటిని గుడ్డిగా నమ్మకూడదు. పైపు వంపు దాటిన చోట బయటి గోడకు బిగించే శబ్ద సెన్సర్ రేణువులు గోడకు తగిలే చప్పుడు వింటుంది. గ్యాస్ వేగం పెరిగినా, నీటి బిందువులు తగిలినా, చోక్ మరీ దగ్గర్లో ఉన్నా కూడా చప్పుడు పెరుగుతుంది. తెలిసిన పరిమాణంలో ఇసుక పంపి కాలిబ్రేట్ చేయని సెన్సర్ చెప్పే 'గంటకు ఇన్ని గ్రాములు' అన్న అంకెకు విలువ తక్కువ. పోకడ మాత్రం పనికొస్తుంది: రేటు మారకుండా చప్పుడు పెరుగుతోందంటే ఏదో జరుగుతోంది. సముద్రగర్భంలో నాలుగైదు బావులు ఒకే మానిఫోల్డ్‌లో కలిసే చోట గ్యాస్, నీళ్లు విడదీసే సెపరేటర్‌లో ఇసుక దొరికినా దోషి ఎవరో తేల్చడం కష్టం. ఒక్కొక్కదాన్ని మూసి చూడాల్సిందే. అలా వెతికే క్రమంలో మంచి బావులకు కూడా అనవసరపు మూత, తెరుపు తప్పవు.

ఇప్పటిదాకా పై హద్దు సంగతి. గ్యాస్ బావికి కింది హద్దు కూడా ఉంటుంది. నీళ్లు రావడం మొదలయ్యాక వాటిని పైకి మోయడానికి ట్యూబింగ్‌లో గ్యాస్‌కు కనీస వేగం కావాలి. 1969 నుంచి వాడుతున్న టర్నర్ సూత్రం చెప్పేది ఆ కనీస వేగమే. అంతకంటే తగ్గితే నీళ్లు అడుగున పేరుకుని బావి తానే ఆగిపోతుంది. సముద్రం అడుగున గ్యాస్ మోసే ఫ్లోలైన్లో కూడా వేగం మరీ తగ్గితే ఇసుక మేట వేస్తుంది. అంటే సురక్షిత రేటు అనేది రెండు గీతల మధ్య సందు. ప్రెషర్ పడిపోతూ, నీళ్లు పెరుగుతూ, స్కిన్ ఎక్కుతూ ఉంటే పై గీత కిందికి దిగుతుంది. నీళ్లు ఎక్కువయ్యే కొద్దీ బావిని బతికించుకోవడానికి కింది గీతకు మరింత పైనే నడపాల్సి వస్తుంది. సందు ఇరుకవుతూ పోతుంది.

ఈ దశలో ఒడ్డున కంప్రెషర్ పెట్టి, బావి మూతి దగ్గరుండే వెల్‌హెడ్ ప్రెషర్ తగ్గిస్తారు. కేజీ-డీ6 గ్యాస్ ఒడ్డుకు చేరే గాడిమొగ టెర్మినల్లోనూ ఆ దారే పట్టారు. దానివల్ల తక్కువ రేటు దగ్గర కూడా నీళ్లు ఎత్తే వేగం వస్తుంది, కింది గీత కొంత దిగుతుంది. కానీ వెల్‌హెడ్ ప్రెషర్ తగ్గిందంటే ట్యూబింగ్‌లోనూ, చోక్ దగ్గరా, వంపుల దగ్గరా గ్యాస్ ఇంకా వ్యాకోచించి వేగంగా పోతుంది. డ్రాడౌన్ కూడా పెరుగుతుంది. కంప్రెషర్ ఆన్ చేసిన రోజున ప్రతి బావికీ పై హద్దు మళ్లీ లెక్కించకపోతే, బావి ఆయుష్షు పెంచడానికి పెట్టిన యంత్రమే స్క్రీన్ ఆయుష్షు తగ్గిస్తుంది. లెక్క వేశాక కొన్ని బావుల్లో రెండు గీతలూ కలిసిపోయాయని తేలవచ్చు. అప్పుడు మిగిలేవి రెండు దారులు: ట్యూబింగ్ లోపల్నుంచి చిన్న స్క్రీన్ దించి తక్కువ రేటుతో కొంతకాలం లాగడం, లేదా ఇసుక పైపులైన్లోకి చేరకముందే బావిని మూసేయడం. సముద్రగర్భ బావిలో మొదటి దారికి రిగ్‌నో, ప్రత్యేక నౌకనో పిలవాలి. మిగిలిన గ్యాస్ విలువ ఆ నౌక అద్దెకు సరిపోతుందా అన్నదే చివరి లెక్క.